చీకటి కోసం ఆగని మొక్క

డాసన్, నదికి అవతలి ఒడ్డు
27 మే 2022

ప్రియమైన తమ్ముడు తరాస్‌కి,

కవరు మీద నా చేతిరాత చూసి ఎవరో పోయారని కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. నదిలో మంచు కొట్టుకుపోయి నిన్ననే ఫెర్రీ మొదలైంది. నెల తర్వాత ఊళ్ళోకి వెళ్ళి మనుషుల మొహాలు చూశాను.

నీతో ఒక పని పడింది. పని పడితేనే అక్కకి తమ్ముడు గుర్తొస్తాడా అంటావు. అంతే అనుకో.

మీ బావ రాస్ గంజాయి మొక్క సంగతి నీకు తెలుసు. ఎనభై నాలుగులో కూట్నీ కొండల నుంచి కాఫీ డబ్బాలో పెట్టుకుని తెచ్చిన కొమ్మ. ఆ కొమ్మ నుంచి ఇంకో కొమ్మ, దాన్నుంచి మరొకటి, ఇలా ముప్పై ఎనిమిదేళ్ళుగా మా అల్మరాలో దీపాల కింద ఒకటే మొక్క బతుకుతోంది. బయట నాటితే ఏపుగా పెరుగుతుంది గానీ పూయదు. పూయాలంటే దానికి రోజుకి పన్నెండు గంటల చీకటి కావాలి. ఈ ఉత్తరపు కొసన జూన్‌లో మాకు చీకటి ఎక్కడిది? ఆగస్టు చివర్లో రాత్రులు కాస్త పొడుగై అది మొగ్గ తొడిగేసరికి మంచు పడి నల్లగా మాడిపోతుంది. అందుకే అల్మరా, దీపాలు, దీపాలకి జనరేటరు, జనరేటరుకి డీజిల్. ఆ డబ్బాలు నది దాటించి కొండెక్కించడం రాస్ పని. ఆయన పోయి రెండేళ్ళయింది. నాకు డెబ్భై నిండాయి. ఇంకో చలికాలమో రెండో మోస్తాను, ఆపైన నావల్ల కాదు.

ఆ మొక్క పోతే దాని వాసన పోతుంది. అప్పుడే ఒలిచిన నారింజ తొక్క, దాని వెనక స్ప్రూస్ చెట్టు బంక, అన్నిటికన్నా అడుగున చెక్కిన పెన్సిల్. రాస్ చొక్కాలూ, గడ్డమూ, మా దుప్పట్లూ అన్నీ ఆ వాసనే. లోకంలో అది ఇంకెక్కడా లేదు.

నువ్వు నలభై ఏళ్ళు కొత్త వంగడాల కోసం బార్లీకి పెళ్ళిళ్ళు చేసి పెన్షను తీసుకుంటున్నవాడివి. ఈ మొక్క చీకటి లేకుండా పూసే దారి ఏదైనా ఉందా? మీ బావ మీది కోపం మొక్క మీద చూపించకు.

నీ అక్క,
నాద్యా

*

సాస్కటూన్
19 జూన్ 2022

ప్రియమైన అక్కకి,

నువ్వు అడిగిన మొదటి సాయం ఇది. అదీ గంజాయికి! నాన్న ఉంటే ఉత్తరం పొయ్యిలో పెట్టేవాడు. నేను మాత్రం మూడుసార్లు చదివి, సిగ్గు విడిచి విశ్వవిద్యాలయం గ్రంథాలయానికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "తాతగారూ, ఇది మీకేనా?" అంది. మా అక్కకి అన్నాను. ఇంకా నవ్వింది.

అక్కా, నేను చదివింది విని నువ్వు కూర్చుండిపోతావు. సైబీరియాలో రోడ్ల వెంబడి, రైలు కట్టల మీద మోకాలెత్తు కలుపు గంజాయి ఒకటి ఉంది. ఎవరూ నాటరు, ఎవరూ పట్టించుకోరు. అక్కడ వేసవి రెండు నెలలే. చీకటి కోసం కూర్చుంటే వంశం మిగలదు. అందుకని అది ఆకాశం వైపు చూడటమే మానేసింది. పుట్టిన నాలుగైదు వారాలకి, బయట ఎంత ఎండున్నా, తనంతట తానే పూస్తుంది. గడియారం దాని ఒంట్లోనే ఉంది. నలభై ఏళ్ళు మొక్కల మధ్య బతికి దీని గురించి ఒక్క ముక్క తెలియకుండా చస్తానేమో అనుకుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

చెడ్డ సంగతి ఏమిటంటే దానికి తడిసిన గడ్డి వాసన, మత్తు దాదాపు సున్నా. అందుకే దాన్ని మీ మొక్కకి కట్టబెట్టాలి. ఇది జాగ్రత్తగా విను. ప్రతి మొక్కలో ఈ విషయం మీద రెండు మాటలుంటాయి, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. మీ మొక్కలో రెండూ "చీకటి కోసం ఆగు" అంటాయి. కలుపు మొక్కలో రెండూ "ఆగకు" అంటాయి. వాటి పిల్లల్లో చెరొక మాట ఉంటుంది, కానీ "ఆగు" అన్న మాటే చెల్లుతుంది. కాబట్టి పిల్లలన్నీ ఆగుతాయి. చూసి ఏడవకు. ఆ పిల్లలకి పుట్టిన పిల్లల్లో, అంటే మనవల్లో, నాలుగింట ఒకటి రెండువైపులా "ఆగకు" తెచ్చుకుంటుంది. అది నీ నడి వేసవి ఎండలో పూస్తుంది. దానికి రాస్ మొక్క వాసన కూడా వచ్చిందా అన్నది వేరే లాటరీ.

పది విత్తనాలు పంపుతున్నాను. దుకాణంలో కొన్నాను, అంతా చట్టప్రకారమే. మగమొక్క పుప్పొడి తీసి, అల్మరాలో పూసిన కొమ్మకి కుంచెతో అద్దు.

బావ మీద నాకు కోపం ఎప్పుడూ లేదు. ఎనభై ఆరులో ఆయన ఇచ్చింది రెండు దమ్ములు లాగి, మీ ఒడ్డున మొద్దు మీద మూడు గంటలు కూర్చున్నాను. నదిలో ఒండ్రు పడవ అడుగుని రాసుకుంటూ బుస్సుమంటుందే, ఆ చప్పుడు అప్పటిదాకా నాకు వినిపించలేదు. ఆ పూట చెవులు కడిగినట్టయింది. అదెక్కడ నచ్చేస్తుందో అని మర్నాడే బస్సెక్కాను. ఈ ముక్క ఎవరికీ చెప్పకు.

నీ తమ్ముడు,
తరాస్

*

డాసన్
14 డిసెంబరు 2022

ప్రియమైన తరాస్,

అక్టోబరులో ఫెర్రీ తీసేశారు, ఐసు మీద దారి మొన్ననే పడింది. అందుకే ఇంత ఆలస్యం.

పెళ్ళి అయింది. పెళ్ళికొడుకు నా మోకాలంత లేడు. అల్మరాలో నిలువెత్తు పెళ్ళికూతురి ముందు నిలబెడితే నాకే నవ్వొచ్చింది. పక్కింటి నెల్లీ పేరంటానికి వచ్చింది. నెల్లీ అంటే ఒకప్పుడు ఫెర్రీలో తాళ్ళు కట్టేది, ఇప్పుడు రోజుకి రెండుసార్లు నా మీద కాపలాకి వస్తుంది. ఆ రోజూ తలుపు తోసుకొచ్చి, "నీ దుప్పిమాంసం అడుగంటి బొగ్గయింది, ఇల్లంతా పొగ! ఏం చేస్తున్నావే?" అని అరిచింది. పెళ్ళి సందడిలో పడ్డాను అన్నాను.

నేను అద్దింది ఆలస్యమైనట్టుంది, గింజలు చాలావరకు తాలు పోయాయి. గట్టివి ఎనిమిదే. అగ్గిపెట్టెలో పెట్టి రాస్ ఫోటో వెనక దాచాను.

చట్టం ఇంటికి నాలుగు మొక్కలే అంటుంది. నాలుగు నా దగ్గర, నాలుగు కొండ మీది ఒడిలోన్ దగ్గర వేద్దామనుకుంటున్నాను. ఒడిలోన్ అంత బద్ధకస్తుడు ఈ ఒడ్డున లేడు, కానీ కాదనడం రాదు.

నీ అక్క,
నాద్యా

*

డాసన్
2 ఫిబ్రవరి 2023

తరాస్,

తల్లి మొక్క చచ్చిపోయింది.

మందుల కోసం ఊళ్ళోకి వెళ్ళాను. సున్నాకి నలభై ఎనిమిది కింద పడింది. ఏ బండీ కదల్లేదు, మూడు రోజులు అక్కడే ఉండిపోయాను. వచ్చేసరికి డీజిల్ గడ్డకట్టి జనరేటరు ఆగిపోయింది, పొయ్యి చల్లారింది. అల్మరా తెరిస్తే ఆకులు గాజులా ఉన్నాయి. ముట్టుకుంటే విరిగాయి.

ముప్పై ఆరేళ్ళు ఆయన కాపాడాడు. నేను రెండున్నరేళ్ళకే పోగొట్టాను. ఇక అగ్గిపెట్టెలో ఎనిమిది గింజలు తప్ప ఏమీ లేవు.

నాద్యా

*

సాస్కటూన్
20 ఫిబ్రవరి 2023

నా పిచ్చి అక్కకి,

నువ్వు పోగొట్టలేదు. చలి పోగొట్టింది. ఉత్తరం చదివి నేనూ ఏడ్చాను, ఇది కూడా ఎవరికీ చెప్పకు.

ఆ ఎనిమిది గింజల్లోనూ తల్లి సగం ఉంది. ఏ సగం అన్నది గింజ గింజకీ వేరు, కానీ ఎనిమిదీ కలిపితే తల్లి పోలికలు దాదాపు అన్నీ వాటిలో పడుకుని ఉన్నాయి. వాటిని విడదీసేది మనవలే. కాబట్టి మన పని ఒకటే, ఈ ఎనిమిదింటి నుంచి గింజలు తీయడం. మే నెలలో నాటు. జూన్ నడిమి నుంచి రోజూ రాత్రి ఎనిమిదికి నల్ల టార్పాలిన్ కప్పి పొద్దున ఎనిమిదికి తియ్యి. అదే చీకటి అనుకుని పూస్తాయి, ఆ తర్వాత గింజ పడుతుంది.

ధైర్యంగా ఉండు. వేళకి తిను.

తరాస్

*

డాసన్
20 జులై 2023

ప్రియమైన తమ్ముడికి,

నా నాలుగూ బతికాయి. నాలుగు వారాలుగా రోజుకి రెండుసార్లు టార్పాలిన్ మోస్తున్నాను, నడుం పట్టేసింది. దోమలు నన్ను తినేసి బలిశాయి. పోయిన వారం పూత కనిపించింది. రెండు మగవి. చూడగానే పీకి ఎరువుగుంటలో పడేశాను. మిగిలిన రెండు ఆడవీ మహారాణుల్లా ఉన్నాయి. నారింజ వాసన తగులుతోందని నెల్లీ అంటోంది.

గింజలు ఎప్పటికి పడతాయి? సెప్టెంబరుకా?

నీ అక్క,
నాద్యా

*

సాస్కటూన్
29 జులై 2023
(త్వరిత తపాలా)

అక్కా!

నా బుర్ర బార్లీ బుర్ర! బార్లీలో ఆడా మగా ఒకే పువ్వులో ఉంటాయి. నలభై ఏళ్ళలో నేను ఏ చేనుకీ "మగవాటిని ఉంచు" అని చెప్పాల్సిన పని పడలేదు. నీకూ చెప్పలేదు. మీవాళ్ళేమో గింజ పడితే పూత పాడవుతుందని, మగమొక్క కనిపిస్తే పామును చూసినట్టు పీకేస్తారు, ఆ సంగతి తెలిసి కూడా నాకు తట్టలేదు. మగది లేకుండా గింజ ఎక్కణ్ణుంచి వస్తుంది? నువ్వు పీకిన రెండూ తండ్రులు.

ఎరువుగుంట చూడు. లాభం ఉండదు, అయినా చూడు. ఆ తర్వాత ఒడిలోన్ దగ్గరికి పరుగెత్తు. అతనూ పీకేసి ఉంటే అంతా అయిపోయినట్టే.

నన్ను తిట్టు, కానీ ముందు వెళ్ళు.

తరాస్

*

డాసన్
10 అక్టోబరు 2023

ప్రియమైన బార్లీ బుర్రకి,

రెండు నెలలు కావాలనే రాయలేదు. నువ్వు నిద్రపోకూడదని.

నీ ఉత్తరం నెల్లీ తెచ్చింది. ఎరువుగుంటలో బూజు తప్ప ఏమీ లేదు. ఈ వయసులో కొండెక్కి, రొప్పుతూ ఒడిలోన్ వాకిట్లో పడ్డాను. మధ్యాహ్నం పన్నెండు. అప్పుడే నిద్ర లేచి పళ్ళు తోముకుంటున్నాడు.

"నా మొక్కలేవయ్యా?"

"ఉన్నాయి."

"ఎక్కడ?"

"సామాన్ల కొట్టులో. వాకిట్లో పెడితే దుప్పులు తింటాయి, కంచె వెయ్యడానికి ఒళ్ళు వంగలేదు."

"కొట్టుకి కిటికీ కూడా లేదు కదయ్యా! వెలుగెలా?"

"లేచాక తలుపు తీస్తా. పడుకునేముందు వేస్తా. నేను పన్నెండు గంటలు పడుకుంటా, నీకు తెలుసుగా." కాస్త నొచ్చుకుని, "దుమ్ము మాత్రం బాగా లేస్తోంది, మేడమ్. తుమ్ముకోలేక చస్తున్నా" అన్నాడు.

తలుపు తీశాను. ఒక మగమొక్క నిండా విచ్చుకుని ఉంది, తరాస్. అతని గొడ్డలి మీద, బూట్ల మీద, కిందటేడు మడవని డేరా మీద, అంతటా పసుపు రాసినట్టు పుప్పొడి. నేను నెల రోజులు నడుం విరగ్గొట్టుకుని టార్పాలిన్‌తో చేసిన చీకటి, అతను గుర్రుపెట్టి చేశాడు. మగవాటిని పీకాలని అతనికి తెలియక కాదు, చూద్దామని ఒక్కరోజూ వంగలేదట. అక్కడే కూలబడి నవ్వాను, ఏడ్చాను. ఒడిలోన్ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

కొమ్మని కాగితం సంచిలో దించుకుని కొండ దిగి, ఆ పుప్పొడి నా మహారాణులిద్దరికీ అద్దాను. ఇప్పుడు నా దగ్గర రెండు వందల పన్నెండు గింజలున్నాయి. రాత్రి రాత్రికీ లెక్కపెట్టి పడుకుంటున్నాను.

వచ్చే వేసవికి ఆరిళ్ళవాళ్ళు తలా నాలుగు మొక్కలు వేస్తామన్నారు. మొత్తం ఇరవై నాలుగు. ఈ ఒడ్డంతా ఇప్పుడు నీ లెక్కలే మాట్లాడుతోంది.

నీ అక్క,
నాద్యా

*

డాసన్
3 జులై 2024

తరాస్,

పూశాయి.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. మూడు వారాలుగా చీకటన్నది లేదు. అర్ధరాత్రి పేపరు చదువుకునేంత వెలుగు. నలభై అయిదేళ్ళుగా ఈ ఒడ్డున ఉన్నాను, ఇలాంటి వెలుగులో ఈ మొక్క పూయడం ఎప్పుడూ చూడలేదు. అది జరగదని మేం సూర్యుడు తూరుపున పొడుస్తాడన్నంత గట్టిగా నమ్మాం. నిన్న నెల్లీ వాళ్ళ తోటలో నడుంలోతు మొక్క ఒకటి, కొసన తెల్లటి వెంట్రుకల్లాంటి పూత పెట్టి నిలబడి ఉంది. పక్కనున్న దాని తోబుట్టువులు మూడూ ఆకులేసుకుంటూ చీకటి కోసం చూస్తున్నాయి. ఒకే తల్లి, ఒకే మట్టి, ఒకే ఎండ. ఇది మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు. నెల్లీ టోపీ తీసింది. నేనూ తీశాను. ఎందుకో తెలియదు.

ఆరిళ్ళూ తిరిగాను. ఇరవై నాలుగింటిలో ఆరు పూశాయి. సరిగ్గా నాలుగింట ఒకటి! సైబీరియా రైలు కట్ట మీది ఒక మాట ఒక తరమంతా నోరు మూసుకుని కూర్చుని, మా గుమ్మంలోకొచ్చి పలికింది. నువ్వు జీవితమంతా రోజూ ఇలాంటివి చూస్తూ బతికావా? చూసి కూడా ఇంటికొచ్చి మామూలుగా అన్నం తిన్నావా?

ఆరింటిలో మూడు మగవి. ఈసారి ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. మూడు ఆడవి: నెల్లీ దగ్గర ఒకటి, పడవల బెర్నిస్ దగ్గర ఒకటి, ఒడిలోన్ దగ్గర ఒకటి. వాటిలో రాస్ మొక్క వాసన దేనికి వచ్చిందో తేలాలి. అడిగితే నెల్లీ తనదే అంటుంది. బెర్నిస్ తనదే అని ఒట్టేస్తుంది. ఒడిలోన్, "మీకు ఏది కావాలంటే అదే, మేడమ్" అంటాడు. నా మొహం చూసి ఎవరికీ కాదనబుద్ధి కావడం లేదు. వాళ్ళ మాట ఎలా నమ్మను?

నాద్యా

*

సాస్కటూన్
17 జులై 2024

ప్రియమైన అక్కకి,

ఉత్తరం పట్టుకుని వాకిట్లో తచ్చాడుతుంటే, లాటరీ తగిలిందా అని పక్కింటాయన అడిగాడు. తగిలింది అన్నాను. నువ్వడిగావు కదా, చూసి మామూలుగా అన్నం తిన్నానా అని. తిన్నాను. అదే నా తప్పు. బార్లీలో నాలుగింట ఒకటి కొన్ని వేలసార్లు చూశాను, కాగితం మీద అంకె వేసి ఇంటికెళ్ళాను. ఒక్కసారీ టోపీ తీయలేదు.

ఒక్క మాట అర్థం కావడం లేదు. నెల్లీని అడిగావు, బెర్నిస్‌ని అడిగావు, ఆ నిద్రమొహాన్ని కూడా అడిగావు. ముప్పై ఆరేళ్ళు ఆ వాసన పక్కన పడుకున్నదానివి నువ్వు. నీ ముక్కు ఏమంటోంది? రెండేళ్ళ ఉత్తరాలూ తీసి మళ్ళీ చదివాను. ఎక్కడా ఆ మాట లేదు. దాచకుండా చెప్పు.

తరాస్

*

డాసన్
18 ఆగస్టు 2024

ప్రియమైన తరాస్,

నా ముక్కు ఏమీ అనడం లేదు. నీకు మొదటి ఉత్తరం రాసేనాటికే అది పోయి మూడు నెలలు. ఆ చలికాలం ఊళ్ళో అందరికీ వచ్చిన జబ్బే నాకూ వచ్చింది. అందరికీ తిరిగొచ్చిన వాసన నాకు రాలేదు. కాఫీ వేడినీళ్ళు, మాంసం మెత్తటి చెక్క. వాటికి అలవాటు పడ్డాను. ఒకరోజు అల్మరా తెరిచి, రాస్ మొక్కలో మొహం పెట్టి ఎంత పీల్చినా ఏమీ రాలేదు. ఆ రోజే నీకు ఉత్తరం మొదలుపెట్టాను. ఆ వాసన నాలో ఎటూ లేదు, కనీసం లోకంలోనైనా ఉండాలి అనిపించింది. నీకు చెబితే, వాసన తెలియనిదానికి ఇదంతా ఎందుకంటావని భయపడ్డాను. ఎందుకో చెప్పడం నాకూ చేతకాదు.

ఇప్పుడు మొన్న గురువారం సంగతి విను.

మూడు మొక్కలూ పక్వానికొచ్చాయి. ఒక్కోదాని కింది కొమ్మ ఎండబెట్టి, రోజుకొకటి చొప్పున రెండు దమ్ములు లాగి చూశాను. నెల్లీది కుర్చీలోనే నిద్రపుచ్చింది. బెర్నిస్‌ది ఏమీ చేయలేదు, ఆ మాట తనకి చెప్పలేదు. ఒడిలోన్‌ది లాగాక కాసేపటికి చెవులు తెరుచుకున్నట్టయింది. పిట్ట గాల్లో రెక్క మడిచిన చప్పుడు కూడా విడిగా వినిపించింది. ఊరికే నవ్వొచ్చింది, ఆకలేసింది. రాస్‌ది అచ్చం ఇలాగే ఉండేది. కానీ కావాలని కూర్చున్నవాళ్ళకి ఏదైనా అలాగే అనిపిస్తుంది. నన్ను నేను నమ్మలేదు.

గురువారం మధ్యాహ్నం ఒడిలోన్ వాకిట్లో టీ తాగుతున్నాం. అతని మొక్క కొండ అంచున, నది వైపు ఉంది. గాలి మా వెనక నుంచి నీళ్ళ మీదికి వీస్తోంది. కింద ఎవరో పడవ లాగి రాళ్ళ మీద వేసిన చప్పుడైంది. కాసేపటికి కిందినుంచే ఒక గొంతు:

"రాస్! ఒరేయ్ రాస్! ఇల్లు ఎప్పుడు మార్చావురా? చెప్పొద్దూ? కెటిల్ పెట్టు, నేనొచ్చేశా!"

కప్పు నా చేతిలోంచి జారిపోయింది. ఒక్క క్షణం, తరాస్, నేను ఆయన ఎక్కడున్నాడా అని వెనక్కి తిరిగి చూశాను.

డీటర్. జర్మనీవాడు. నాలుగేళ్ళకో అయిదేళ్ళకో పై ఊళ్ళ నుంచి పడవలో ఒంటరిగా దిగి వస్తాడు. కిందటిసారి వచ్చింది రెండు వేల పదిహేడులో. ఉత్తరాలు రాసే మనిషి కాదు, రాస్ పోయిన సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. మొక్కల సంగతి అసలే తెలియదు. మా రేవు ఇంకా అరమైలు కిందికి. ఎందుకు ఇక్కడ ఆగావని అడిగితే, "వాసన ఇక్కడే వచ్చింది కదా! ఆ వాసన ఎక్కడుంటే వాడు అక్కడే కదా!" అన్నాడు. నన్ను చూసి, ఒడిలోన్‌ని చూసి, "ఏడీ మనవాడు? కట్టెలకి వెళ్ళాడా?" అన్నాడు.

నేనే చెప్పాను. అంత పొడుగు మనిషీ మెట్ల మీద కూర్చుని మొహం కప్పుకున్నాడు. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. అతను ఏడుస్తున్నాడు, నేనూ ఏడుస్తున్నాను, కానీ రెండూ ఒక ఏడుపు కాదు. నా లోపల ఎవరో గంతులేస్తున్నారు. ఒడిలోన్ వెళ్ళి ఆ మొక్క చుట్టూ కంచె వేయడం మొదలుపెట్టాడు. ఒడిలోన్! పగటిపూట! సుత్తి పట్టుకుని!

ఆ తర్వాత నేను మొక్క దగ్గరికి వెళ్ళి మొహం పెట్టాను. ఏమీ రాలేదు. ఎప్పటికీ రాదేమో. చేతికి బంక అంటుకుంది, అది నిజం. అందులో వాసన ఉందని తెలుసు, అది నిజం. దాని కింది కొమ్మల్లో గింజ కట్టింది, వచ్చే వేసవికి అవి ఆరుబయట, జనరేటరు లేకుండా, ఏ అల్మరా లేకుండా పూస్తాయి. నేను లేని వేసవుల్లో కూడా పూస్తాయి.

ఆయన పోయాక ఇక్కడివాళ్ళు నా ముందు ఆయన పేరు ఎత్తరు. నేను బాధపడతానని. మంచివాళ్ళు. నాలుగేళ్ళుగా ఎవరూ ఆయన్ని పిలవలేదు, తరాస్. మొన్న ఒకడు నది మీంచి, గొంతు చించుకుని, తిడుతూ, టీ పెట్టమని పిలిచాడు.

నీ అక్క,
నాద్యా